తూకంలో తగ్గిన మనిషి

ట్రాక్ దగ్గర అందరూ అతన్ని అనుమానం మెకానిక్ అనేవారు. ముఖం మీద కాదు లెండి, చాటున. షెడ్డుకు తాళం వేస్తాడు, సందు చివరిదాకా వెళ్తాడు, వేశానో లేదోనని వెనక్కొచ్చి లాగి చూస్తాడు. నవ్వేవాళ్లు నవ్వుకోనీ, కారు సస్పెన్షన్ సెట్ చెయ్యడంలో అతనికి తిండి పెట్టింది ఆ అనుమానమే. స్ప్రింగు ఎత్తు గానీ, షాకబ్జర్ బిగువు గానీ, చక్రం వాలు గానీ ఒక్కసారి చూసి ఊరుకునే రకం కాదు.

అతని బావ, అంటే అక్క మొగుడు, వారమంతా కొత్తవాళ్లకు డ్రైవింగు నేర్పేవాడు. సెలవు వస్తే చాలు, ట్రాక్ మీద పందేల్లో దిగేవాడు. ఆ పందెం కారు మంచిచెడ్డలన్నీ బావమరిదివే.

గొడవ ఆ కారుతోనే మొదలైంది. షెడ్డులో నాలుగు చక్రాల కింద నాలుగు తూకం ప్లేట్లు పెట్టి, బావను సీట్లో కూర్చోబెట్టి, ఏ చక్రం మీద ఎంత బరువు పడాలో అంతే పడేలా స్ప్రింగులు సర్దేవాడు. డ్రైవరు బరువు కూడా లెక్కలోకి రావాలి కదా మరి. షెడ్డులో అంతా అచ్చు గుద్దినట్టు కుదిరేది. తీరా ట్రాక్ మీదికి వెళ్లేసరికి పెద్ద మలుపులో బండి వెనక భాగం పక్కకు విసిరేది. ఒకసారి గోడకు జానెడు దూరంలో ఆగింది. ట్రాక్ పక్కన బండ్లు ఆపి చూసుకునే పిట్‌లో నిలబడ్డ మెకానిక్‌కి పై ప్రాణాలు పైనే పోయాయి.

ఎవడో రాత్రికి రాత్రి స్ప్రింగులు కదిలిస్తున్నాడు, నా బావను చంపేలా ఉన్నాడు అనుకున్నాడు.

ముందు పక్క షెడ్డు టైర్ల మేస్త్రి మీద కన్ను పడింది. ఆ మేస్త్రి నవ్వితే ఎందుకు నవ్వాడని, నవ్వకపోతే మొహం ఎందుకు చాటేశాడని. పైగా, చక్రాల బ్యాలెన్సింగుకు అతికించే సీసం ముక్కలు ఈమధ్య తన పెట్టెలో తగ్గిపోతున్నాయి. వెళ్లి నిలదీశాడు.

“నా సీసం ముక్కలు తీశావా?”

“నా దగ్గరే బస్తాడున్నాయి. నీవెందుకయ్యా నాకు?”

“బస్తాడా? అన్ని ఎక్కడివి?”

టైర్ల మేస్త్రి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు.

ఇది చాలనట్టు అక్క ఫోను. “మీ బావ కంచంలో సగం వదిలేస్తున్నారురా. నా మాట చెవిన పెట్టరు. నువ్వయినా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు.” అక్కకు మొదటినుంచీ ఈ పందేలంటే పడదు. మాన్పించడానికి కొత్త ఎత్తు వేసిందనుకుని, అలాగేలే అని పెట్టేశాడు.

తరవాతి పందేనికి స్ప్రింగు నట్ల మీద ఎర్ర రంగు గీతలు గీశాడు. ఎవరు తిప్పినా గీత తెగిపోతుంది. షెడ్డు నుంచి ట్రాక్ దాకా కళ్లలో వత్తులు వేసుకుని కాపలా కాశాడు. అయినా బండి మళ్లీ విసిరింది. గీతలు చూస్తే ఒక్కటీ చెదరలేదు.

బండిని ఎవరూ ముట్టుకోలేదన్నమాట. ఇక మిగిలింది నడిపేవాడే. అవతలి జట్టుతో మాట్లాడుకుని బావే ఏదో చేస్తున్నాడా? ఆ ఆలోచనకు తనకే అసహ్యం వేసింది, కానీ వదల్లేకపోయాడు. మళ్లీ పందెం నాడు తూకం ప్లేట్లు పిట్‌కే తెప్పించి, బండి తిరిగొచ్చి ఆగగానే అడ్డం నిలబడ్డాడు.

“దిగకు బావా. అలాగే కూర్చో.”

“దాహంగా ఉందిరా.”

“నీళ్లు ఇక్కడికే తెస్తా. కదిలావంటే ఊరుకోను.”

షెడ్డులో తూచినప్పుడు ఎంత పెట్రోలుందో అంతా మళ్లీ నింపి, బండిని ప్లేట్ల మీదికి తోయించాడు. మొత్తం పన్నెండు కిలోలు తక్కువ. అదీ డ్రైవరు కూర్చున్న వైపే ఎక్కువ తగ్గింది.

“ఏం విప్పేశావు బావా బండిలోంచి? ఎవరు చెబితే విప్పావు? ఎంతకి అమ్ముడుపోయావు?”

బావ స్టీరింగు మీద తల ఆనించాడు. తరవాత పిట్‌లో బల్ల మీదున్న తన సంచీ చూపించాడు. అందులో గుడ్డతో కుట్టిన నడుం పట్టీ ఉంది. ఎత్తితే చెయ్యి జారేంత బరువు. లోపల వరసగా సీసం ముక్కలు.

“తూకానికి కూర్చునేటప్పుడు బట్టల కింద కట్టుకుంటున్నా. అది కట్టుకుని బండి నడపడం నావల్ల కాక తీసేస్తున్నా,” అన్నాడు బావ.

“ఎందుకు?”

“చిక్కిపోతున్నానురా. ఎందుకో తెలీదు. తెలుసుకోవాలంటే భయం. నీ ప్లేట్ల మీద కూర్చుంటే నువ్వు ఇట్టే పట్టేస్తావు.”

అమ్ముడుపోయావా అని అడిగిన నోటిని మెకానిక్ ఏం చేసుకోవాలో తెలియక నిలబడ్డాడు. కంచంలో సగం వదిలేస్తున్నారన్న అక్క గొంతు చెవుల్లో గింగురుమంది.

“ఈ ప్లేట్లే తప్పు,” అన్నాడు ఉన్నట్టుండి. “దారిలో కుదుపులకు చెడిపోయుంటాయి. దిగు, నేను కూర్చుంటా. నా బరువు నాకు తెలుసు. అంకెలు చదువు.”

బావ దిగి చదివాడు. ఖాళీ బండి బరువు తీసేస్తే మిగిలింది సరిగ్గా మెకానిక్ బరువే.

“మళ్లీ చదువు బావా.”

బావ మళ్లీ చదివాడు.

“ఇంకొక్కసారి.”

“ఎన్నిసార్లు చదివినా అంతేరా,” అని బావ వంగి, చెయ్యి పట్టుకుని అతన్ని సీట్లోంచి లేపాడు. “ఏడవకు. డాక్టరు దగ్గరికి వస్తాలే.”