క్లచ్ మాస్టారి ఎడమకాలు

మా బావని ఊళ్ళో అందరూ క్లచ్ మాస్టారు అనేవారు. అసలు పేరుతో ఎవరికీ పనిపడలేదు. పెళ్ళికి ముందు నుంచీ డ్రైవింగు స్కూలు నడిపాడు. నడిపాడంటే, బండి మాత్రం ఎప్పుడూ నేర్చుకునేవాళ్ళే నడిపారు, ఈయన పక్క సీట్లో కూర్చునేవాడు. స్కూలు బండికి పక్క సీటు కింద కూడా ఒక క్లచ్, ఒక బ్రేకు ఉంటాయి. ఆ రెండింటి మీదా కాళ్ళు పెట్టుకునే మా బావ వయసంతా గడిపేశాడు.

కొత్తవాళ్ళు ఎవరొచ్చినా ముందు ఎడమకాలి చెప్పు విప్పించేవాడు. "క్లచ్ మెల్లగా వదులు. ఒకచోట బండికి ఒళ్ళు జలదరిస్తుంది. అది కాలికి తెలియాలి, చెవికి కాదు," అనేవాడు. "కుడికాలు ఉత్త తిండిపోతు. పెట్రోలు తాగడం తప్ప దానికేం రాదు. బుర్ర ఉండేది ఎడమకాల్లోనే." ఇది వినీ వినీ మా వీధి పిల్లలు, ఆటలో ఓడినవాణ్ణి కుడికాలు అని వెక్కిరించేవాళ్ళు.

అలాంటి మనిషికి ఆ బుర్ర ఉన్న కాలికే రోగం వచ్చింది. మెట్లు దిగేటప్పుడు ఎడమ మోకాలు పట్టేసేది. ఎముకల డాక్టరు ఎక్స్‌రే వెలుగుకి పెట్టి చూసి, ఇక క్లచ్ తొక్కడం మానెయ్యమన్నాడట. ఈ సంగతి నాకొక్కడికే చెప్పి, అక్కకి చెప్పనని ఒట్టు వేయించుకున్నాడు. స్కూల్లో తన వాటా పార్ట్‌నరుకి ఇచ్చేసి, ఇంట్లో మాత్రం "విసుగొచ్చింది" అన్నాడు. మా అక్క టైలరు. మిషను మీంచి తలెత్తకుండానే "అలాగే" అంది.

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. కానీ ఆయనకి కుర్రతనం నుంచీ ఒక్కటే కోరిక. రెండే సీట్లుండే స్పోర్ట్స్ కారు, దాని డ్రైవరు సీట్లో తను. పాత కార్ల షోరూములోకి అలాంటివి రెండు వచ్చాయి. ఒకే మోడలు, ఒకే వయసు. ఎర్రదానికి గేర్లు, క్లచ్. బూడిదరంగుదేమో ఆటోమేటిక్. గేర్లు అదే మార్చుకుంటుంది, ఎడమకాలికి పనే లేదు. శనివారంలోగా ఏదో ఒకటి తేల్చమన్నారు, ఆ తర్వాత ఎవరడిగితే వాళ్ళకి ఇచ్చేస్తామన్నారు. ఎర్రది కొంటే మోకాలు నిలవదు. బూడిదది కొంటే ఇన్నేళ్ళూ ఎడమకాలి గురించి చెప్పిందంతా ఏమైనట్టు? ఇదీ మా బావ గొడవ.

రోజూ నా కళ్ళజోళ్ళ దుకాణానికి వచ్చి కూర్చునేవాడు.

"ఒరేయ్, ఎర్రదే తీసుకుంటాను."

"తీసుకో బావా."

"మరి మోకాలో?"

"అయితే బూడిదది తీసుకో."

"అది కారేంట్రా? లిఫ్టు. మీట నొక్కితే పోతుంది."

"అయితే అసలు మానెయ్."

"నీకేం, ఎన్నైనా చెప్తావు."

కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. నేను రోజూ జనాల కళ్ళ ముందు అద్దాలు మార్చి, ఇది బాగుందా, ముందుది బాగుందా అని అడిగేవాణ్ణి. కొంతమందికి మార్చేకొద్దీ రెండూ మసకగానే కనిపిస్తాయి. మా బావ పరిస్థితి అలాగే తయారైంది. మెకానిక్‌ని అడిగితే, "గేరు మార్చని స్పోర్ట్స్ కారు ఎందుకు మాస్టారూ, మంచంమీద పడుకున్నట్టుంటుంది" అన్నాడు. పార్ట్‌నర్ని అడిగితే, "ఈ రోజుల్లో మనకంటే ఆటోమేటిక్కే చురుగ్గా మారుస్తుంది, అదే తీసుకో" అన్నాడు. డాక్టర్ని అడిగితే, "కారెందుకు, నడవండి" అన్నాడు. ముగ్గురు చెప్పిందీ నిజంలాగే ఉండటం ఆయన ఖర్మ.

అక్కని మాత్రం అడగలేదు. దానికో కథ ఉంది. పెళ్ళయిన కొత్తలో అక్కకి తనే నేర్పాడు. లైసెన్సు కూడా వచ్చింది. అది వచ్చిన వారంలోనే మా వీధి చివరి ఎత్తు రోడ్డు మీద అక్క చేతిలో బండి ఆగిపోయింది. వెనకాల బారెడు వరస, ఒకటే హారన్లు. "క్లచ్! క్లచ్! నీకసలు కాలుందా?" అని మా బావ రోడ్డంతా వినబడేలా అరిచాడు. అక్క తాళం తీసి ఆయన ఒళ్ళో పెట్టి, నడుచుకుంటూ ఇంటికి వచ్చేసింది. మళ్ళీ స్టీరింగు ముట్టుకోలేదు. కానీ గడువు తీరిన ప్రతిసారీ వెళ్ళి లైసెన్సు రెన్యూ చేయించుకునేది. ఎందుకని మేమెవరం అడగలేదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మా బావ రచ్చ మాత్రమే గెలిచాడు.

శుక్రవారం నన్ను వెంటబెట్టుకుని షోరూముకి బయల్దేరాడు. అక్కడి సేల్స్‌మన్ ఒకప్పుడు ఈయన దగ్గర నేర్చుకున్నవాడే. "మాస్టారూ!" అంటూ లేచి వచ్చి, ఎర్రకారు డ్రైవరు తలుపు తీసి పట్టుకున్నాడు. మా బావ గబగబా అటు తిరిగి వెళ్ళి, పక్క సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకున్నాడు. కాళ్ళతో కింద వెతుక్కున్నాడు. అక్కడ పట్టా తప్ప ఏమీ లేదు.

"మాస్టారూ, మీరు ఇటు..."

"తెలుసయ్యా. సీటు ఎలా ఉందో చూస్తున్నాను," అని దిగాడు.

నాకు చోటు లేదు కనక గేటు దగ్గర నిలబడి చూశాను. ఎర్రది ఆవరణంతా చుట్టి వచ్చింది. ఎంత ముద్దుగా నడిపాడో! మొహంలో ఇరవై ఏళ్ళు రాలిపోయాయి. కానీ దిగేటప్పుడు ఎడమకాలు నేలకి ఆనలేదు. తలుపు పట్టుకుని కాసేపు ఆకాశం వంక చూస్తూ నిలబడ్డాడు, అక్కడేదో ఉన్నట్టు.

తర్వాత బూడిదది. జోరందుకుంది. జోరు పెరిగితే గేరు మార్చాలి కదా, గేరు మార్చాలంటే క్లచ్ తొక్కాలి కదా. ఆ బుర్ర ఉన్న ఎడమకాలు లేచి, అక్కడ లేని క్లచ్ కోసం వెళ్ళి, వెడల్పాటి బ్రేకుని బలమంతా పెట్టి తొక్కింది. కారు నేనున్న గేటు ముందే కీచుమని నిలబడిపోయింది. సేల్స్‌మన్ నుదురు అద్దానికి తగలబోయి తప్పింది. వాడు మంచివాడు, నవ్వలేదు. "పరవాలేదు మాస్టారూ, మొదట్లో అందరికీ ఇంతే," అన్నాడు.

అది మా బావ మాట. బండి ఆపేసి బిక్కమొహం వేసిన ప్రతివాడికీ ఆయన చెప్పిన మాట, ఇంట్లో మనిషికి తప్ప. ఆయన మొహం చూస్తే నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఇంటికొచ్చాక అక్క మిషను ఆపి, "ఏది తీసుకుంటున్నారు?" అంది.

"ఏమో. ఎర్రదేమో మోకా..." అని నాలుక కరుచుకున్నాడు.

"మోకాలేగా? నాకు తెలుసు."

నేను చెప్పలేదని చేతులూపాను. బావ నన్ను కొరకొరా చూశాడు.

"వాణ్ణేం అనకండి. లోపల కట్టు కట్టుకుంటున్నారని మీ ప్యాంట్లన్నిటికీ ఎడమకాలు వదులు చేసి కుడుతున్నాను. ఒక్కసారైనా చూసుకున్నారా?"

బావ వంగి తన ప్యాంటు చూసుకున్నాడు. నేనూ చూశాను. నిజమే, ఒక కాలు వదులు, ఒక కాలు బిగువు.

"బూడిదదే తీసుకోండి," అంది అక్క.

"ఎందుకు?"

"రంగు బాగుంది."

మా బావ ఆ రాత్రి ఏం ఆలోచించాడో గానీ, పొద్దున్నే నా దగ్గరికొచ్చి, "రంగేంట్రా? బూడిదలో రంగేముంది?" అన్నాడు. నాకూ బోధపడలేదు. అయినా ఆ కారే కొన్నాడు. తన బుర్ర పనిచెయ్యడం మానేసింది కనక ఎవరిదో ఒకరిది వాడుకుందామనుకున్నాడేమో.

కారు తెచ్చి ఇంటి ముందు పెట్టి వెళ్ళారు. అందరం బయటికొచ్చాం. మా బావ తాళంతో తలుపులు తెరిచి, చుట్టూ ఒకసారి తిరిగి, తిన్నగా వెళ్ళి పక్క సీట్లో కూర్చున్నాడు. అలవాటు! నాలుక కరుచుకుని దిగబోతుండగా, అక్క అటువైపు నుంచి వచ్చి డ్రైవరు సీట్లో కూర్చుంది. ఎడమకాలి చెప్పు విప్పింది. అంతలో గుర్తొచ్చి, నవ్వుకుని మళ్ళీ తొడుక్కుంది.

"నువ్వా?"

"నేనే. తాళం ఇలా ఇవ్వండి. ఇందులో క్లచ్ లేదుగా, అరవడానికి మీకేమీ ఉండదు."

బావ తాళం ఇచ్చాడు. "మరి నేను కాళ్ళు ఎక్కడ పెట్టుకోను?" అన్నాడు చిన్న గొంతుతో.

"ముడుచుకోండి."

కారు మెల్లగా వెళ్ళింది. వీధి చివర ఆ ఎత్తు రోడ్డు మీద, లారీ వెనకాల ఆగింది. నా గుండె కూడా ఆగింది. వెనక ఎవడో హారను కొట్టాడు. తర్వాత లారీ కదిలింది, కారూ కదిలి ఎత్తు ఎక్కిపోయింది.

తిరిగొచ్చాక అక్క లోపలికి వెళ్ళింది. బావ ఇంకా కాళ్ళు ముడుచుకునే కూర్చుని ఉన్నాడు.

"ఎలా నడిపింది బావా?"

"ఏమోరా, చూళ్ళేదు. ఎత్తు దగ్గర కళ్ళు మూసుకున్నాను."

"భయమేసిందా?"

"కాదురా. అరవకుండా ఉండటానికి నాకు తెలిసింది అదొక్కటే." వదులుగా ఉన్న ఎడమకాలి గుడ్డని వేళ్ళతో సవరించుకున్నాడు. "అప్పుడు కూడా మూసుకోవాల్సింది."