ఉదయభాస్కర్ బయటిపిలుపు

ఆ రోజు ఉదయభాస్కర్ బోర్డు మీద రాసినదాని మీదే మళ్లీ రాశాడు. 2000 సంవత్సరం, జూలై నెల. కాకినాడ భానుగుడి దగ్గర ఒక మేడమీది కంప్యూటర్ సెంటర్లో పొద్దుటి క్లాసు. పాతికమంది పిల్లలు నోట్సు రాసుకోవడం ఆపేసి కూర్చున్నారు. ఎవరూ నవ్వలేదు. చివరికి ముందు వరసలో కూర్చునే లావణ్య లేచి, అక్కడ ఇందాకే రాశారని మెల్లిగా చెప్పింది. అతను బోర్డంతా తుడిచేసి, మిగతా పాఠం నోటితోనే చెప్పి ముగించాడు.

సంగతి అతనికి ఏడాదిగా తెలుసు. చూపు రెండు పక్కల నుంచీ మూసుకుపోతోంది. ఎదురుగా ఉన్న మనిషి ముఖం కనిపిస్తుంది కానీ ఆ మనిషి చాపిన చెయ్యి కనిపించదు. కంటి డాక్టరు పరీక్షలన్నీ చేసి, ఇది వంశంలో వచ్చే జబ్బనీ, మందు లేదనీ, ఇంకో రెండు మూడేళ్లు ఉన్నంత చూపుతో నెట్టుకు రావాలనీ, ఆ తర్వాత అదీ పోతుందనీ చెప్పాడు. ఉదయభాస్కర్‌కి అప్పటికి ముప్పైనాలుగేళ్లు. భార్య వెంకటదుర్గకి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆవిడది పెద్దాపురం. గాంధీనగర్లో వాళ్ల ఇంటికి దగ్గర్లోనే ఒక స్కూల్లో తెలుగు టీచరు. ఆ మాట విన్న రోజున ఆవిడ ఏడవలేదు. ఇంట్లో గడపలకి అడ్డంగా ఉన్న బల్లలూ పీటలూ తీసి గోడల వారకి జరిపింది.

కంప్యూటర్ సెంటరు యజమాని గణేష్‌బాబు అతనికి కాలేజీలో సహాధ్యాయి. బోర్డు సంగతి ఆ సాయంత్రానికే ఆయన చెవిన పడింది. మర్నాడు గదిలోకి పిలిచి, తలుపు వేసి, ఉన్నదంతా చెప్పించుకున్నాడు.

"ముందు గదిలో కూర్చుని వచ్చేవాళ్లకి కోర్సుల గురించి చెప్పరా. నీ కుర్చీ నీకుంటుంది," అన్నాడు గణేష్‌బాబు.

"కుర్చీ గురించి కాదు గణేష్. క్లాసు గురించి."

"పిల్లలు రాసిన ప్రోగ్రాం నువ్వు చదవలేకపోతే తప్పెక్కడుందో ఎలా చెబుతావు?"

ఉదయభాస్కర్ వచ్చే వేసవి సెలవులయ్యేదాకా గడువడిగాడు. అప్పటివరకూ ముందు గదిలో కూర్చుంటాననీ, ఆ తర్వాత ఒక్క క్లాసు చెప్పనిచ్చి, వెనక బెంచీలో కూర్చుని చూసి, అప్పుడు నిర్ణయించమనీ అన్నాడు. గణేష్‌బాబు సరేనన్నాడు.

అతను అంత ధైర్యంగా గడువడగడానికి ఒక ఆధారం ఉంది. ఇంగ్లీషు సరిగా రాని పిల్లల కోసం ఆరేళ్ల కిందట అతనే ఒక చిన్న ప్రోగ్రామింగ్ భాష తయారుచేశాడు. దాని పేరు మెట్లు. అందులో ఆజ్ఞలన్నీ తెలుగు మాటలే, ఇంగ్లీషు అక్షరాలతో కొట్టాలి. పిల్లలు రాసినదాన్ని ఒక కంపైలరు చిన్నచిన్న అంకెల వరసగా మారుస్తుంది. ఆ అంకెల్నే బైట్‌కోడ్ అంటారు. ఇంటర్‌ప్రెటర్ అనే మరో ప్రోగ్రాం ఆ వరసని ఒక్కొక్క అంకెగా చదువుతూ, ఒకటి కనిపిస్తే కూడుతుంది, రెండు కనిపిస్తే తీసేస్తుంది, మూడు కనిపిస్తే తెర మీద చూపిస్తుంది. అలాంటి ఆజ్ఞలు మొత్తం నలభై. ఆ నలభై తప్ప దానికి ఇంకేమీ తెలియదు. ఉదయభాస్కర్ అనుకున్నది ఏమిటంటే, దానికి నలభైఒకటో ఆజ్ఞ నేర్పాలి. చదివి వినిపించడం.

కంప్యూటరు చేత తెలుగు పలికించడం అతనొక్కడి వల్ల అయ్యే పని కాదు. అది అప్పటికే చేసినవాడు రాజమండ్రిలో ఉన్నాడని ఎవరో చెప్పారు. పేరు దొరబాబు. ఎక్కడో పరిశోధనశాలలో పదేళ్లు పనిచేసి, ఆరోగ్యం బాగాలేక ఇంటికి వచ్చేసిన మనిషి. తన గొంతుతోనే తెలుగు గుణింతాలన్నీ రికార్డు చేసి, వాటిని అతికించి మాటలుగా పలికే లైబ్రరీ ఒకటి రాశాడు. లైబ్రరీ అంటే వేరే ప్రోగ్రాములు పిలిచి వాడుకునేందుకు సిద్ధంగా ఉంచిన పనుల మూట.

ఒక ఆదివారం మొగుడూ పెళ్లాలిద్దరూ బస్సెక్కి వెళ్లారు. దొరబాబు బక్కగా, దగ్గుతూ ఉన్నాడు. గొంతు మాత్రం నిండుగా ఉంది. వచ్చిన పని విని లోపలికి వెళ్లి ఒక సీడీ తెచ్చాడు.

"లోపల ఎలా రాశానో ఇవ్వలేనండి. పాత ఆఫీసు వాళ్లతో ఒప్పందం ఉంది. బయటినుంచి ఎలా పిలవాలో మాత్రం కాగితం మీద రాసిస్తాను. ఏమైనా అనుమానం వస్తే ఫోన్ చెయ్యండి. మొహమాటపడకండి."

కాగితం ఒక పేజీయే. మూడు పిలుపుల పేర్లు, ఒక్కోదానికి ఏమేం ఇవ్వాలో, అంతే.

ఆ కాగితం పట్టుకుని ఉదయభాస్కర్ మర్నాటి నుంచే ఇంట్లోని కంప్యూటరు మీద పనిలోకి దిగాడు. పొద్దున్నే ఎండ తెర మీద పడకముందు రెండు గంటలు తనే చదువుకునేవాడు, నల్ల తెర మీద తెల్లటి పెద్ద అక్షరాలు పెట్టుకుని. ఒక్కోసారి ఒక్క మాటే కనిపించేది. తల అటూ ఇటూ తిప్పుకుంటూ వాక్యం పట్టుకోవాలి. సాయంత్రం స్కూలు నుంచి వచ్చాక వెంకటదుర్గ పక్కన కూర్చుని చదివేది. ఆవిడకి ప్రోగ్రాములు రావు. కామా అయితే కామా, బ్రాకెట్టు అయితే బ్రాకెట్టు, ఉన్నది ఉన్నట్టు చదివేది. అతను చెప్పింది కొట్టేది. పిల్లల డిక్టేషన్లు దిద్దిన అలవాటు వల్ల ఒక్క అక్షరం జారనిచ్చేది కాదు.

చిక్కంతా ఇంటర్‌ప్రెటర్‌కీ లైబ్రరీకీ మధ్య ఉంది. ఇంటర్‌ప్రెటర్ తన విలువల్ని తన పద్ధతిలో దాచుకుంటుంది. లైబ్రరీకి ఆ పద్ధతి తెలియదు. దానికి విలువలు మెమరీలో ఫలానా చోట, ఫలానా వరసలో, ఒకదాని మీద ఒకటి పేర్చి ఇవ్వాలి. ఆ దొంతర్నే స్టాక్ అంటారు. పని అయ్యాక దాన్ని ఎవరో ఒకరు తీసెయ్యాలి. అలా పేర్చి, పిలిచి, వచ్చిన జవాబుని మళ్లీ మెట్లు భాషకి అర్థమయ్యేలా మార్చే ముక్కని అతను మూడు వారాలు రాశాడు. ఆ నలభైఒకటో ఆజ్ఞకి బయటిపిలుపు అని పేరు పెట్టాడు.

ఆగస్టు ఆఖర్లో ఒక సాయంత్రం ఆ కంప్యూటరు పెట్టెలోంచి దొరబాబు గొంతు "అమ్మ" అంది. వెంకటదుర్గ చేతిలో ఉన్న పుస్తకం ఒళ్లో పెట్టుకుని, ఇంకోసారి అనిపించమంది. ఇంకోసారి అంది. అలా ముప్పైసార్లు బాగానే అంది. ముప్పైఒకటోసారి కంప్యూటరు బిగుసుకుపోయింది.

ఎన్నిసార్లు మొదలుపెట్టినా అంతే. సరిగ్గా ముప్పైఒకటోసారే. పది రోజులు కాగితాన్నీ రాసినదాన్నీ మార్చిమార్చి చదివించుకున్నాడు. ఎక్కడా తప్పు దొరకలేదు. ఆ పది రోజుల్లోనే ఒక పొద్దున వీధి గుమ్మం దగ్గర కాలు తడబడి పడ్డాడు. మోచెయ్యి చీరుకుపోయింది. కట్టు కట్టించుకుని వచ్చి, ఆ పూట కంప్యూటరు ముందుకి వెళ్లలేదు. గోడవైపు తిరిగి పడుకున్నాడు. గణేష్ చెప్పినట్టు ముందు గదిలోనే ఉండిపోతే సరిపోతుందేమోనన్నాడు. వెంకటదుర్గ అన్నం పెట్టి, స్కూలుకి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం అలా పడుకునే ఉంటే అతనికి ఒక సంగతి తట్టింది. "అమ్మ" అనిపించే పిలుపుకి రెండు విలువలివ్వాలి. గొంతు హెచ్చుతగ్గులు కూడా చెప్పే రెండో పిలుపుకి మూడివ్వాలి. లేచి తడుముకుంటూ వెళ్లి ఆ రెండో పిలుపుతో లెక్కపెట్టాడు. ఇరవైఒకటోసారికి ఆగిపోయింది. రెండు చొప్పున ముప్పైఒకటి అరవైరెండు. మూడు చొప్పున ఇరవైఒకటి అరవైమూడు. ఇచ్చే విలువల్ని బట్టే ఆగుతోందంటే, ప్రతి పిలుపుకీ దొంతర్లో అన్నేసి విలువలు తేడా వస్తున్నాయన్నమాట. లైబ్రరీ తన పని కాగానే తనే దొంతరని తీసేస్తోంది. ఆ తర్వాత ఇతనూ తీస్తున్నాడు. ఒకే దొంతరని ఇద్దరు తీస్తుంటే, రెండోసారి పోయేవి అడుగునున్న వేరే విలువలు. అవి ఇంటర్‌ప్రెటర్ బతకడానికి కావలసినవి. ప్రోగ్రాంలో తను దొంతర తీసే ఆ ఒక్క వరసని చెరిపేశాడు. వెంకటదుర్గ తిరిగొచ్చేసరికి పెట్టె మూడువందలోసారి అమ్మ అంటోంది.

అంతటితో అయిపోయిందనుకున్నారు. పిల్లల ప్రోగ్రాముల్లాంటి పెద్ద వాటితో పరీక్షించాలని, ఆవిడ తన క్లాసు హాజరుపట్టీ, కాకినాడ నుంచి పెద్దాపురం బస్సుల వేళలు మెట్లు భాషలో కొట్టింది. ముందు బస్సులు చదవాలి, తర్వాత హాజరు. చిన్న వాక్యాలు బాగానే వచ్చాయి. ఒక పొడుగు వాక్యం దగ్గర మాత్రం ఆ గొంతు, ఏడుంబావుకి సామర్లకోట మీదుగా పెద్దింట్లమ్మ రాలేదు, అంది.

వెంకటదుర్గ నవ్వలేదు.

"పెద్దింట్లమ్మ మా ఆరో తరగతి పిల్లండి. హాజరుపట్టీలో ఉంది. అంటే బస్సులయ్యాక కదా రావాలి. ముందే ఎలా వచ్చింది?"

అతను ఆ వాక్యాన్ని మళ్లీ చదివించి, మళ్లీ విన్నాడు. ప్రతిసారీ ఇంకా రావలసిన మాటే ముందొచ్చి మధ్యలో దూరుతోంది. మర్నాడు పదిగంటలకి వీధి చివర ఎస్టీడీ బూత్ నుంచి దొరబాబుకి ఫోన్ చేశాడు. ఎవరో ఆడమనిషి ఎత్తి, ఆయన మంచం మీద ఉన్నాడనీ, ఎక్కువ మాట్లాడించవద్దనీ చెప్పి ఫోన్ ఇచ్చింది. ఉదయభాస్కర్ రెండు ముక్కల్లో సంగతి చెప్పాడు.

"నేను కాగితం మీద రాయడం మర్చిపోయానండి," అన్నాడు దొరబాబు. "పిలవగానే సరేనని జవాబిచ్చేస్తుంది. కానీ పలకడం అప్పుడే మొదలవుతుంది. పలకడం అయ్యేదాకా మీరిచ్చిన వాక్యం ఉన్నచోటే ఉండాలి. మీరు తీసేస్తున్నారు."

"అయిపోయిందని నాకెలా తెలుస్తుందండి?"

"మూడో పిలుపు అందుకే. అడుగుతూ ఉండండి, చెబుతుంది." కాసేపు దగ్గి, మళ్లీ అన్నాడు. "మీరు పాఠం చెప్పే రోజున నాకు కబురు చెయ్యండి. వింటాను."

ఉదయభాస్కర్ ఇంటికొచ్చి చూసుకుంటే అంతా తేటపడింది. మెట్లు భాషలో పనైపోయిన మాటలుండే చోటుని ఇంటర్‌ప్రెటర్ ఎప్పటికప్పుడు ఊడ్చి, కొత్త మాటలకి ఇచ్చేస్తుంది. లైబ్రరీ సరే అనగానే అది బస్సుల వాక్యం పని అయిపోయిందనుకుంది. ఆ చోటులోనే హాజరుపట్టీ రాసింది. అక్కడ గొంతు ఇంకా సగంలోనే ఉంది. బయటివాళ్ల చేతిలో పెట్టిన మాటని, వాళ్లు అయిందనేదాకా ఊడ్చకూడదని అతను ఇంటర్‌ప్రెటర్‌కి నేర్పాడు. మామూలుగా ఒక రోజు పని. అతనికి పన్నెండు రోజులు పట్టింది, అప్పటికి పొద్దుటి పూట చదువు కూడా సాగడంలేదు కనుక. ప్రతి అక్షరమూ వెంకటదుర్గే చదివింది.

మిగిలిన నెలలన్నీ పలికే వేగం సరిచెయ్యడానికీ, చెవితో తప్పులు పట్టడం సాధన చెయ్యడానికీ సరిపోయాయి. అన్న గడువు ప్రకారం వేసవి సెలవులయ్యాక గణేష్‌బాబు వెనక బెంచీలో కూర్చున్నాడు. ఉదయభాస్కర్ తలకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, ఒక్కొక్కరి దగ్గరికీ బల్లల అంచులు పట్టుకుంటూ వెళ్లాడు. తన చూపు సంగతి దాచకుండా మొదటే చెప్పేశాడు. ఒకమ్మాయి, పేరు లోవమ్మ, తన ప్రోగ్రాం ఎందుకు ఆగడం లేదో తెలియక చేతులు నలుపుకుంటోంది. అతను ఆ ప్రోగ్రాంని హెడ్‌ఫోన్లలో చదివించుకుని విన్నాడు. నాలుగో వరసలో అంకె పెరగాల్సింది పోయి తగ్గుతోందని చెప్పాడు. ఆ పిల్ల సరిచేసింది. ఆగింది. గణేష్‌బాబు లేచి వెళ్లి, గోడ మీది పట్టికలో పొద్దుటి క్లాసుకి ఎదురుగా పాత పేరే రాయించాడు.

దొరబాబుకి కబురు చెయ్యాలని ఆ మధ్యాహ్నమే వెంకటదుర్గతో బూత్‌కి వెళ్లి ఫోన్ చేశాడు. ఆయన పోయి ఇరవైరోజులైందని చెప్పారు. ఉదయభాస్కర్ రిసీవరు పెట్టేసి బూత్‌లోనే నిలబడిపోయాడు. బయట ఎవరో తమ వంతు కోసం ఎదురుచూస్తున్నారని వెంకటదుర్గ చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చింది. తర్వాత వాళ్లిద్దరూ రాజమండ్రి వెళ్లి ఆ ఇంటివాళ్లని పలకరించి వచ్చారు. ఆయన గొంతు రోజూ క్లాసులో వినిపిస్తోందన్న మాట ఉదయభాస్కర్ అక్కడ చెప్పబోయి మానేశాడు. బయల్దేరేటప్పుడు ఆయన భార్యే అడిగింది, అది ఇంకా పలుకుతోందా అని. పలుకుతోందని చెప్పాడు.

2003లో, వానల రోజుల్లో, ఒక పొద్దున ఉదయభాస్కర్ నిద్రలేచి కిటికీ ఎటువైపుందో తెలుసుకోలేకపోయాడు. తెల్లారిందా అని అడిగాడు. బాగా పొద్దెక్కిందంది వెంకటదుర్గ. ఆ మాట అంటుండగానే ఆవిడకి అర్థమైంది. మంచం మీద అతని పక్కనే కూర్చుంది. ఈ రోజు మీరు రారని సెంటరుకి ఫోన్ చెయ్యనా అని ఆవిడ అడిగింది.

"కొత్త బ్యాచి దుర్గా. ఇవాళే మొదలు," అన్నాడు.

ఆవిడ లేచి అతని చొక్కా తీసి చేతికిచ్చింది. ఆ రోజు తన స్కూలుకి సెలవుచీటీ పంపి, భానుగుడి దాకా తనే తీసుకెళ్లి, మేడమెట్ల కింద వదిలింది. పైకి తనొక్కడే ఎక్కుతానన్నాడు. మొత్తం పద్దెనిమిది మెట్లు. అతను లోపలికి వెళ్లిన అలికిడి, పిల్లలు లేచి నిలబడిన చప్పుడు వినిపించేదాకా ఆవిడ కిందే ఉండి, తర్వాత ఇంటికి వెళ్లింది.