ఖాళీ చేతులతో తోటలకు పోయిన మా ఓబులేసు

నా తమ్ముడు ఓబులేసు ఇక లేడని ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను చింతపండులో గింజలు తీస్తున్నాను. ఫోన్ చేసిన మనిషిని "సరిగా చూసి చెప్పు" అని గదమాయించాను. బాగైపోయింది, రెండు రోజుల్లో ఇంటికి పంపుతామని డాక్టర్లు చెప్పిన మరునాడే గుండె ఆగిపోయింది. నాకంటే పదేళ్లు చిన్నవాడు. వాడికి నీళ్లు పోసి, తల దువ్వి, బడికి తోలినదాన్ని నేను. ముందు పోవలసినదాన్నీ నేనే. వరుస తప్పించి పోయాడు.

అంత దుఃఖంలోనూ నాకు ఒళ్లు మండించిన సంగతి ఒకటుంది. దేహం ఇంటికి చేరకముందే ప్రొద్దుటూరులో వాడి వీధి మొగన ఫ్లెక్సీ లేచింది. "మార్కెట్ మేధావి, మా గురుదేవులకు అశ్రునివాళి" అని రాసి, కింద వరసగా నవ్వుతున్న మొహాలు అచ్చు వేయించారు. అశ్రువులు ఎవరి కళ్లలోనూ లేవు, పళ్లు మాత్రం అందరివీ కనిపిస్తున్నాయి. పోయినవాడి ఫోటో కంటే వీళ్ల ఫోటోలే పెద్దవి. ఏడాదిగా వాడు ఎదురొస్తే పక్కకు తిరిగి ఉమ్మేసిన మహానుభావులు వీళ్లు. అందుకే ఈ పత్రికవారు "ఇంటికి పెద్ద మీరే, నాలుగు మాటలు రాయండి" అని అడగగానే ఒప్పుకున్నాను. నాది ఐదో తరగతి చదువు. గొప్ప గొప్ప మాటలన్నీ ఫ్లెక్సీవాళ్లు వాడేసుకున్నారు కాబట్టి, నా దగ్గరున్న మాటలతోనే రాస్తాను.

దివంగతుణ్ని పొగడడం ఆచారం. నేను ముందు నిజం చెప్తాను. మా ఓబులేసు సోమరి. మా నాయన పెట్టి ఇచ్చిన గోనెసంచుల అంగడిని జీతగాడికి వదిలేసి, గంజి పెట్టిన తెల్లచొక్కా తొడుక్కుని, టీ అంగడి బల్ల మీద పగలంతా గడిపేవాడు. ఎవరూ లేని గదిలో ఫ్యాను తిరుగుతున్నా లేచి ఆపేవాడు కాదు. ప్రతి ఆదివారం జమ్మలమడుగులో మా ఇంటికి వచ్చేవాడు, ఏదో ఒకటి కొనుక్కొచ్చేవాడు. దుబారా చేశాడని నేను తిడతానని ప్రతి వస్తువుకూ ధర తగ్గించి చెప్పేవాడు. వాడు చెప్పిన ధరకు ఆ వస్తువులు ఇచ్చే అంగడి ఈ జిల్లాలో నిజంగా ఉండి ఉంటే నేనే పోయి అంతా కొనేసేదాన్ని.

ఆ బల్ల మీద వాడి చుట్టూ చేరినవాళ్లలో పెద్ద గొంతు చెన్నకేశవులుది. సిమెంటు వ్యాపారం. అందరి చేతుల్లోనూ ఫోన్లు, అందరి నోళ్లలోనూ షేర్లు. మామూలు మనిషి షేరు కొంటాడు, ధర పెరిగితే అమ్ముతాడు. ఈ బల్ల వీరులు ముందు అమ్ముతారు, తర్వాత కొంటారు. చేతిలో లేనిదాన్ని అమ్ముతారు. అది కూడా చట్టం ఒప్పిన చోట కాదు. ఊళ్లో ఒక మనిషి దగ్గర నోటిమాట మీద సాగే బేరం. నాకు అర్థం కాక ఒక ఆదివారం అడిగాను.

"లేనిదాన్ని ఎట్లా అమ్ముతార్రా?"

"అక్కా, నువ్వు పక్కింటి ఖాదర్‌బీ దగ్గర బస్తా శనగలు బదులు తెచ్చినావనుకో."

"నేనెందుకు తెస్తా? నా ఇంట్లో శనగలు లేవా?"

"అనుకో అంటాండా గదక్కా! తెచ్చి ఈపొద్దు రేటుకు అమ్మేసినావు. కొన్నాళ్లకు రేటు పడింది. అప్పుడు చౌకగా బస్తా కొని ఖాదర్‌బీకి ఇచ్చేస్తావు. మధ్యలో మిగిలింది నీది. దీన్నే షార్టు అంటారు."

"రేటు పడకపోతే?"

"పై రేటుకు కొనైనా ఇయ్యాల్సిందే. ఆమె బస్తా ఆమెకు ఇయ్యాల గదా."

"ఎంత పైకి పోతాది?"

వాడు ఇంటి కప్పు వైపు చూశాడు. "దానికి అంతు ల్యా."

"పడితే సున్నా దాకా పడతాది. నీ లాభానికి అంతుండాది, నష్టానికి ల్యా. ఖాదర్‌బీ శనగలు ఖాదర్‌బీ ఇంట్లోనే ఉంటే నీకేం నొప్పిరా?"

నవ్వి, నా డబ్బాలోంచి గుప్పెడు శనగలు తీసుకుని నోట్లో వేసుకున్నాడు. వాటి ధర మాత్రం చెప్పలేదు.

పులివెందుల దారిలో చీనీ, అదే బత్తాయి, తోటలకు డ్రిప్పు పైపులు చేసే చిన్న కంపెనీ ఒకటుంది. పేరు రాయను. మా చనిపోయిన చెల్లెలి కూతురు సుజాత అక్కడ పైపులు చుట్టలు కట్టే పని చేస్తుంది. తల్లి పోయాక దాన్ని పెంచింది ఓబులేసే. మొగుడు వదిలేసి పోయాక ఆ పిల్ల ఎవరి ముందూ చేయి చాచకుండా నిలబడింది ఆ జీతంతోనే. ఆ కంపెనీ షేరునే బల్ల మీదివాళ్లంతా చేతిలో లేకుండా అమ్మారు. వాళ్లతోపాటు మా వాడూ అమ్మాడు. తెలియక కాదు, తెలిసే.

"సుజాత తినే కంచంలోనే మట్టి పోస్తావా?" అని అడిగితే, "షేరు వేరు, ఫ్యాక్టరీ వేరక్కా. కాగితం పడితే పైపులు ఆగిపోవు" అన్నాడు. గంజిచొక్కా లాంటి మాట. చూడ్డానికి మడత నలగలేదు, లోపల మనిషి లేడు.

వాడికి నిజంగా వచ్చిన విద్య ఒకటుందని ఒప్పుకోవాలి. ఆ చిన్న కంపెనీ షేర్లలో ఎక్కువ భాగం యజమాని ఇంటివాళ్ల చేతుల్లోనే ఉన్నాయట. బయట తిరిగేవి కొన్నే. లేకుండా అమ్మి, ఇంకా తిరిగి కొనకుండా నిలిపి ఉంచిన షేర్లు మొత్తం ఎన్నో, ఆ లెక్కను షార్ట్ ఇంట్రెస్ట్ అంటారట. "ఆ లెక్క పెరిగిందంటే రెండు అర్థాలక్కా" అనేవాడు. "శానామంది ఈ కంపెనీ పడతాదని అనుకుంటాండారని ఒకటి. వాళ్లంతా ఏదో ఒకపొద్దు కొనక తప్పనోళ్లని ఇంకోటి. రెండోది ఎవురూ చెవిన పెట్టరు."

బల్ల మీద ఈ మాట చెప్తే చెన్నకేశవులు మొదటి సగమే విన్నాడట.

"ఇంతమంది అమ్మినారంటే వాళ్లకేదో తెలిసే ఉంటాది మామా!"

"ఆ ఇంతమందిలో నువ్వూ ఉండావు గదరా. నీకేం తెలుసు?"

"నాకేం తెల్దు. వాళ్లకు తెలుసు!"

ఈ తెలివితో లక్షాధికారులు కావాలనుకున్నారు. తీరా ధర పడకుండా కొంచెం పైకే కదిలేసరికి వీళ్లకు భయం పట్టుకుంది. అప్పుడు ఒక నీచమైన పని మొదలుపెట్టారు. సంతలో, బస్సుల దగ్గర, కనిపించిన ప్రతి చీనీ రైతుకూ "ఆ ఫ్యాక్టరీ మూతపడతాండాదప్పా, అడ్వాన్సు ఇయ్యద్దు" అని చెప్పడం. కంపెనీ లెక్కలు బయటపడే నాటికి అమ్మకాలు తగ్గుతాయి, ధర కూలుతుందని వీళ్ల ఆశ. మా వాడు ఆ మాట అనలేదు. అనేవాళ్ల పక్కన కూర్చుని టీ తాగాడు. రైతులు వెనక్కి తగ్గారు. ఫ్యాక్టరీలో ఆడవాళ్లకు రోజు మార్చి రోజే పని దొరికింది. ఇట్లాగే సాగితే అదీ ఉండదని మేస్త్రీ చెప్పాడని సుజాత నా దగ్గర కళ్లనీళ్లు పెట్టుకుంది.

ఆ శ్రావణంలో ఒక శనివారం బల్లవాళ్లు చెన్నకేశవులు కారులో గండికి బయలుదేరారు. చోటుంది, బస్సు ఖర్చు తప్పుతుందని నేనూ ఎక్కాను. ఆంజనేయస్వామి దర్శనం చేసుకుని బయటికి వస్తుంటే, ఫ్యాక్టరీ ఆడవాళ్లతో కలిసి సుజాత వరసలో నిలబడి కనిపించింది.

"పెద్దమ్మా! మామా! మీరూ వచ్చినారా? ఫ్యాక్టరీ నిలబడాలని అందరం మొక్కుకోనీకి వచ్చినాము. నువ్వేం మొక్కుకున్నావు మామా?"

ఓబులేసు నోరు తెరిచేలోగా, ఆ పిల్ల ఎవరో తెలియని చెన్నకేశవులు హుషారుగా అందుకున్నాడు. "మాది వేరే మొక్కులే పాపా. పైపుల కంపెనీ షేరు పండుకోవాల. పండుకుంటే స్వామికి నూటొక్క టెంకాయ!"

"యా పైపుల కంపెనీ?"

వాడు పేరు చెప్పాడు. సుజాత వాణ్ని చూడలేదు. మామనే చూసింది.

"నువ్వు గూడానా మామా?"

ధరలు తగ్గించి చెప్పే నోరది. ఆ ఒక్క క్షణం అబద్ధం రాలేదు. తల ఊపాడు. ఆ పిల్ల వరసలోకి తిరిగిపోయింది. కారులో చెన్నకేశవులు "తెల్దులే మామా, తెలిస్తే అంటానా" అని, మళ్లీ తనే "అయినా మన మొక్కే ముందు పడింది" అన్నాడు. దేవుడి దగ్గర కూడా ముందు వచ్చినవాడికి ముందు అనుకునే బుద్ధి! బస్సు ఖర్చు మిగిలినందుకు నేను సిగ్గుపడిన రోజు నా జీవితంలో అదొక్కటే.

ఆ ఆదివారం వాడు మా ఇంట్లో అన్నం ముట్టలేదు. "షేరు వేరు, ఫ్యాక్టరీ వేరు అంటివే, ఆ మాట పోయి సుజాతకు చెప్పు" అన్నాను. మరునాడు పోయి తను అమ్మిందంతా పై ధరకు కొని తీర్చేశాడు. ఆ నష్టానికి అంగడి వెనక గోడౌను పోయింది. ఆగి ఉంటే, బల్లవాళ్ల అబద్ధం ఫలించి ఉంటే, వాడికి లాభమే వచ్చేది. తీర్చేశాక బల్ల దగ్గరికి పోయి "మీరూ బయటికి రాండి. అందరికీ తలుపు ఒకటే ఉండాది, ఒకేసారి ఉరికితే పట్టదు" అని చెప్పాడు. "ముసిలోనికి గుండె జారింది" అని వాళ్లు నవ్వారు.

తర్వాత తెల్లచొక్కాతోనే బస్సులెక్కి చీనీ తోటల వెంబడి తిరిగాడు. పలానా మాట మా బల్ల మీదే పుట్టింది, అది అబద్ధం, ఫ్యాక్టరీ నడుస్తాండాది అని ప్రతి రైతుకూ చెప్పాడు. ఒక రైతు ఊరుకోలేదు. మా ఓబులేసు దినం రోజు వచ్చి నాతో ఆయనే చెప్పుకున్నాడు.

"ఇప్పుడు ఆ షేర్లు కొనిపెట్టుకున్నావా ఏందప్పా? ధర పెంచుకోనీకి మా తోటల్లోకి వచ్చినావా?" అని అడిగాడట.

"కొనలేదప్పా. అమ్మింది తీర్చేసినా. పెరిగినా నాకు రాదు, పడినా నాకు రాదు. అందుకే ఇప్పుడొచ్చినా."

నా తమ్ముడు బతుకంతా మాట్లాడిన మాటల్లో నేను తలకెత్తుకునేది ఇదొక్కటే. ముందు చేతులు ఖాళీ చేసుకున్నాడు, ఆ తర్వాతే నోరు తెరిచాడు.

రైతులు మళ్లీ అడ్వాన్సులు కట్టారు. కంపెనీ లెక్కలు బాగున్నాయని తేలింది. లేకుండా అమ్మినవాళ్లంతా ఒక్కసారిగా కొనడానికి ఎగబడ్డారు. అమ్మేవాడు దొరకలేదు. ధర పొద్దుకొక మెట్టు ఎక్కింది. చెన్నకేశవులు కారు అమ్ముకున్నాడు. నాకు రవ్వంత జాలి కూడా కలగలేదు. తమ అత్యాశకు తామే కారణమని ఒప్పుకునే మొహాలా అవి? "మేనకోడలు లోపలుండాది, గుట్టు తెలుసుకుని ఒక్కడే తప్పించుకున్నాడు" అని ఊరంతా చాటారు. నిజం చెప్పుకోరా అని నేను గట్టిగా అంటే, "సుజాత పేరు మళ్లా ఆ బల్ల మీదికి రావల్నా అక్కా?" అన్నాడు. ఆ తర్వాత నేను అడగలేదు.

ఆ వాళ్లే దినానికి వరసగా వచ్చి కూర్చున్నారు. తిన్నారు. చేతులు కడుక్కున్నాక చెన్నకేశవులు నా దగ్గరికి జరిగాడు.

"అక్కా, మామ పోయేముందు ఏమన్నా చెప్పినాడా?"

"చెప్పినాడు."

మిగతావాళ్లూ దగ్గరికి వచ్చారు. "ఏందక్కా?"

"ముందు అమ్మింది తీర్చి, ఆ తర్వాత నోరు తెరవమన్నాడు."

వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "అది సరేలేక్కా. కంపెనీ పేరేంది?"

ఇదీ వాడి శిష్యకోటి. వీళ్ల మధ్య వాడు ఇన్నేళ్లు ఎట్లా కూర్చున్నాడో నాకు ఎప్పటికీ అంతుపట్టదు. వీళ్ల మధ్యనుంచి లేచి రాగలిగినందుకే వాడికి నేను చేయెత్తి మొక్కుతున్నాను. తిట్టడానికి నాకు మనుషుల కొదవ లేదు. తిట్టించుకుని మళ్లీ ఆదివారం వచ్చేవాడు మాత్రం వాడొక్కడే. ఆ చోటు ఇంక నిండదు.

గండి తర్వాత సుజాత ఏడాదిపాటు వాడితో మాట్లాడలేదు. వాడూ పలకరించే ధైర్యం చేయలేదు. "పనికి పోతాందా అక్కా?" అని నన్ను అడిగేవాడు. "పోతాంది" అనేదాన్ని. వాడు కన్నుమూయడానికి ముందురోజు మధ్యాహ్నం ఆ పిల్ల పనికి పోయే బట్టల్లోనే ఆస్పత్రికి వచ్చి మంచం పక్కన నిలబడింది. వాడు దాన్ని చాలాసేపు చూశాడు.

"పనుందా పాపా?"

"ఉండాది మామా. దినామూ ఉండాది. ఇప్పుడు గూడా పోవాల."

"అయితే పో. బస్సు తప్పిపోతాది."

సుజాత పోలేదు. స్టూలు లాక్కుని కూర్చుని, మామ పాదాలు ఒళ్లో పెట్టుకుని ఒత్తుతూ ఉంది. వాడు కళ్లు మూసుకున్నాడు. కిటికీలోంచి ఆ బస్సు పోవడం నాకు కనిపించింది. ఆ పొద్దు కూలి పోతుందని నేను కూడా గుర్తు చేయలేదు.