పారే నీళ్ళ కోసం పెదన నుంచి కోడూరు దాకా

మా ఆయన మంచివారు. ఆ మంచితనం వల్లే ఈ ప్రయాణం చెయ్యాల్సి వచ్చింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని సామెత ఉంది కదా, మా ఇంట్లో ఆ మందు గుడివాడలో మా మేడమీది నీళ్ళ డ్రమ్ములో కలిసింది.

సంగతేమిటంటే, మా అమ్మాయి లాస్య ఇంటర్ పరీక్షలు రాసి, అందరిలాగే ఎంసెట్‌కి చదువుతూ, ఉత్తరాదిలో ఒక డిజైన్ కాలేజీకి కూడా దరఖాస్తు పెట్టింది. వేలమంది రాస్తే కొద్దిమందిని పిలిచే చోటు అది. రాత పరీక్ష గట్టెక్కింది. ఇక ఇంటర్వ్యూకి తను సొంతంగా చేసిన పని పట్టుకెళ్ళి చూపించాలి. మా పుట్టింటివాళ్ళది పెదనలో కలంకారీ అద్దకం పని కాబట్టి, వాళ్ళ మావయ్య దగ్గర పదిరోజులు ఉండి రెండు గుడ్డలు అద్దుకొచ్చింది. నెమళ్ళూ మామిడిపిందెలూ కాదు. రొయ్యల చెరువుల్లో నీళ్ళు చిమ్ముతూ తిరిగే చక్రాలు. మా అన్నయ్య ముందు నవ్వాడు, తర్వాత ఆ చక్రానికి టేకు అచ్చు చెక్కించి ఇచ్చాడు.

అద్దిన గుడ్డని కొన్నాళ్ళు ఆరనిచ్చి, పారే నీళ్ళలో జాడించి, ఆపైన రంగులో ఉడకబెట్టాలి. పటిక అద్దిన చోట మాత్రమే ఎరుపు పట్టుకుంటుంది. నిలవ నీళ్ళలో ముంచితే ఊడిన పటిక మళ్ళీ గుడ్డంతా అంటుకుని, ఉడికాక చక్రమూ ఉండదు, చెరువూ ఉండదు, అంతా ఎర్రమయం అవుతుంది. పెదనలో పసిపిల్లల్ని అడిగినా చెబుతారు. మా ఆయన ఇంటర్ కాలేజీలో లెక్కలు చెబుతారు, ఆయనకి తెలియదు. పిల్ల చదువుకుంటోంది కదా, ఈ ఉతుకుడేదో నేను చేసి పెడదామనుకుని, నేను కూరగాయలకి వెళ్ళిన వేళ చూసి ఒక గుడ్డని బోరునీళ్ళ డ్రమ్ములో నానేసి పిండేశారు. మా బోరులో ఇనుము ఎక్కువ. కరక్కాయ పట్టించిన గుడ్డకి ఇనుము తగిలితే నల్లబడుతుంది. నేను మేడెక్కేసరికి గుడ్డ వానమబ్బులా ఉంది, ఆయన దానికి క్లిప్పులు పెడుతున్నారు.

"కొంచెం రంగు మారిందే," అన్నారు.

లాస్య రెండో గుడ్డని బీరువాలో పెట్టి తాళం వేసుకుంది. ఆయన ఆ పూట అన్నం సరిగా తినలేదు. నా సంగతి కూడా దాచకుండా చెబుతాను. ఆ రెండోది కూడా పాడైపోతే పిల్ల మా దగ్గరే ఉండిపోతుంది కదా అనిపించింది. విజయవాడలో ఇంజనీరింగ్ చదివి శనివారం శనివారం ఇంటికొచ్చే కూతురు ఏ తల్లికి చేదు? పంపాలా వద్దా అన్నది మా ఇంట్లో అప్పటికింకా తేలలేదు. ఆయన నా మొహం చూసేవారు, నేను ఆయన మొహం చూసేదాన్ని.

ఇంటర్వ్యూ గురువారం. మంగళవారం రైలెక్కాలి. అందుకని శనివారం పొద్దున్నే ముగ్గురం గుడివాడ స్టేషన్‌కి వెళ్ళి బందరు పాసింజరు ఎక్కాం. మీరెవరైనా వెళ్తే కాస్త ముందుగా వెళ్ళండి, కిటికీ పక్కన చోటు దొరుకుతుంది. ఇడ్లీ పొట్లాలు కట్టించుకుని వెళ్ళడం మరీ మంచిది. ఎదుట కూర్చున్న పెద్దాయన మా సంచీలూ, లాస్య ఒళ్ళోని అట్టపెట్టే చూసి పలకరించారు.

"అమ్మాయికి పరీక్ష సెంటరు బందర్లో పడిందా అండీ?"

"లేదండీ. గుడ్డ ఉతకడానికి వెళ్తున్నాం," అన్నారు మా ఆయన, ఎంతో మామూలుగా.

పెద్దాయన కవుతరం దాటేదాకా మమ్మల్ని అనుమానంగా చూస్తూనే ఉన్నారు.

పెదనలో దిగి ఇంటికి వెళ్తే అన్నయ్య గుమ్మంలోనే ఎదురొచ్చాడు. బావాబావమరుదుల వరస కదా, ఊరుకుంటాడా.

"రండి బావగారూ. కలంకారీలో కొత్త రకం కనిపెట్టారంటగా. బోరు ప్రింటా?"

"ఉన్న గుడ్డ సంగతి చూడు సుబ్బారావ్. నన్ను తర్వాత ఆడుకుందువుగాని," అన్నారు ఆయన.

అన్నయ్య మమ్మల్ని కాలవగట్టుకి తీసుకెళ్ళాడు. కాలవ అడుగున బురద నెర్రెలిచ్చి ఉంది. వేసవి కదా, కాలవలు కట్టేసి నెల దాటింది. మధ్యలో చెరువులు నింపుకోవడానికి మంచినీళ్ళు వదిలారట గాని, ఈ వైపు వంతు నిన్నటితో అయిపోయిందట. "నిన్న వచ్చినా సరిపోయేదమ్మాయ్," అన్నాడు.

నా చిన్నప్పుడు ఇక్కడ మోకాలిలోతు నీళ్ళలో మగవాళ్ళు వరసగా నిలబడి గుడ్డలు జాడించేవాళ్ళు. గట్టుమీది పచ్చిక మీద తానులకి తానులు పరిచి ఉండేవి. అవి ఆరిపోకుండా నీళ్ళు చిలకరించడం, మేకలు తొక్కకుండా కాయడం పిల్లల పని. ఆ పనిలో నాకూ మా అన్నయ్యకీ రోజూ తగువే. సాయంత్రం మా నాన్న నీళ్ళలోంచి లేచి వస్తూ ఒక్కొక్కరికీ బఠాణీలకి డబ్బులిచ్చేవాడు. ఆ గట్టు మీద ఇప్పుడు బైకులు పెట్టుకుంటున్నారు.

లాస్య కాలవలోకి చూస్తూ నిలబడింది. అప్పుడు మా ఆయన గొంతు సవరించుకున్నారు.

"మా కోడూరు వైపు ఇంకా పారుతుండాలి. శివారు కదా, అందరికీ అయ్యాకే మాకు నీళ్ళొచ్చేవి. మా చిన్నప్పుడు దానికే తిట్టుకునేవాళ్ళం."

ఆయన పుట్టింది దివిసీమలో. ఇప్పుడక్కడ మా వాళ్ళెవరూ లేరు. ఎవరో చిన్ననాటి స్నేహితుడికి ఫోను చేస్తే, ఊరి మంచినీళ్ళ చెరువు ఇవాళే నింపుతున్నారని చెప్పాడు. వదిన అన్నాలు వడ్డిస్తానంటున్నా వినకుండా లేచాం. ఆవిడ మాత్రం ఊరుకోలేదు, పులిహోర డబ్బా చేతిలో పెట్టింది.

పెదన నుంచి బందరుకి ఆటో. బందరు బస్టాండులో అవనిగడ్డ బస్సు సిద్ధంగా ఉంది. హల్వా, తొక్కుడు లడ్డూ కొనుక్కునే వాళ్ళు తిరుగు ప్రయాణంలో కొనుక్కోండి, ఎండలో చేతిలో మోయలేరు. చల్లపల్లిలో బస్సు బాగా ఖాళీ అయింది, మళ్ళీ అంతకు రెట్టింపు నిండింది. కిటికీ దగ్గరికి తాటిముంజలు వస్తే కొన్నాం. లాస్య ఒక చేత్తో ముంజ తింటూ, రెండో చెయ్యి అట్టపెట్టె మీదినుంచి తియ్యలేదు.

చల్లపల్లిలో ఎక్కిన ఒకావిడ నా పక్కన కూర్చుంది. కోడూరులో చేపల వ్యాపారమట. ఊరూ పేరూ అయ్యాక పిల్ల చదువు దగ్గరికొచ్చింది.

"అంత దూరమా వదినా? ఒక్కత్తినే పంపుతారా?"

నేను కిటికీలోంచి బయటికి చూశాను. మా ఆయన గబగబా, "అటు చూడవే, పులిగడ్డ," అన్నారు. అక్కడ కింద నది పాయ, పైన వంతెనలాంటి కట్టడం మీదుగా కాలవ. నది మీదినుంచి కాలవ నడిచి దివిసీమలోకి దిగుతుంది. ఎండాకాలం కాబట్టి కింద ఇసుక మేటలే కనిపించాయి గాని, పైన కాలవలో మాత్రం నీళ్ళున్నాయి. ఆయన మొహం చూడాలి అప్పుడు, ఆ నీళ్ళు తనే పంపిస్తున్నట్టు.

అవనిగడ్డలో దిగి, ఆటోలో కోడూరు దారి పట్టాం. దారికి రెండు వైపులా కోసేసిన వరి కొయ్యకాళ్ళు, మధ్య మధ్య రొయ్యల చెరువులు, వాటిలో తెల్లగా నురగ చిమ్ముతూ లాస్య చక్రాలు. "ఉప్పెన తర్వాత మా నాన్న ఈ చేలో నిలబడి ఇక ఇక్కడ గింజ పండదన్నాడట. మళ్ళీ పండించాడు," అని ఆయన చెప్పుకుంటూ వచ్చారు. ఆయన ఇంతగా మాట్లాడిన రోజుల్ని నేను పెళ్ళయ్యాక వేళ్ళమీద లెక్కపెట్టగలను.

రేవు దగ్గర దిగేసరికి ఎండ మాడుస్తోంది. కాలవ నిండుగా, మట్టిరంగులో, చక్కగా పారుతోంది. ఆయన చెప్పులు విడిచి నీళ్ళలోకి దిగి చిన్నపిల్లాడిలా నిలబడ్డారు. లాస్య పెట్టె తెరవబోతుంటే కాలవ కాపలా చూసే లస్కరు పరుగున వచ్చాడు.

"అమ్మా, ఆగండి. ఇవి ఊరు తాగే నీళ్ళు. గుడ్డలు ఉతకనివ్వం."

"ఒక్క గుడ్డేనయ్యా. పిల్ల కాలేజీ కోసం," అన్నారు మా ఆయన. "మాది ఈ ఊరే. మీ నాన్న కూడా నాకు తెలుసు."

"తెలిస్తే మంచిదేనండీ. మా నాన్నున్నా ఇదే చెప్పేవాడు."

ఆయనకి కోపం వచ్చింది. సొంత ఊళ్ళో కాదనిపించుకోవడం ఎవరికైనా కష్టమే. ఇంకా ఏదో అనబోతుంటే లాస్య పెట్టె మూసేసింది.

"వద్దు నాన్నా. వాళ్ళు బిందెలతో పట్టుకెళ్ళే నీళ్ళు. వేరే చోటు చూద్దాం."

వేరే చోటు లేదని దానికీ తెలుసు. అయినా మాట మార్చలేదు. ఆ పిల్లని చూసి లస్కరు కాసేపు బుర్ర గోక్కున్నాడు.

"చెరువు ఇంకో జానెడు నిండాలి. నిండాక తూము దించేస్తాను. అప్పుడు కాలవలో మిగిలిన నీళ్ళు కిందకెళ్ళి మురుగు డ్రెయిన్లో కలుస్తాయి. అవి ఎవరూ తాగరు. ఓ అరగంట పారుద్ది, చాలా?"

చాలన్నాను. చెరువుగట్టు మీద తుమ్మచెట్టు కింద కూర్చుని పులిహోర తిన్నాం, లస్కరుకీ పెట్టాం. మా ఆయన ఏ మెట్టు మీదినుంచి దూకేవాళ్ళో, ఎవరి గేదెల్ని కడిగేవాళ్ళో, ఈత రాని వాడికి అరటిబోదె ఎలా కట్టేవాళ్ళో అన్నీ చెప్పారు. లాస్య విన్నది, మధ్యమధ్య చెరువు వైపు చూసింది.

పొద్దు వాలుతుండగా లస్కరు తూము దించి కేకేశాడు. చెరువు దాటిన చోట, నీళ్ళు డ్రెయిన్లోకి జారేముందు, కాలవలోకి దిగాం. లాస్య గుడ్డ విప్పింది. నేను చెయ్యి వేద్దామనుకుని ఆగిపోయాను. ఇంటర్వ్యూలో అడుగుతారు, చేసింది తనే కావాలి.

"అంచు పట్టుకో. మిగతాది నీళ్ళకి వదిలెయ్. రుద్దకు, మడత పడనివ్వకు. బిగించి లాగితే కూడా చెడుతుంది," అన్నాను. ఎన్నేళ్ళయిందో మా నాన్న మాటలు నా నోట పలికి. గుడ్డ బారుగా సాగి నీళ్ళ మీద ఊగింది. దాని వెనక తెల్లటి పొగలాగా ఎక్కువైన పటిక వెళ్ళిపోతూ కనిపించింది. కింద వైపు మా ఆయన, ఒకవేళ జారితే పట్టుకోవడానికి, నడుముదాకా తడిసి రెండు చేతులూ చాపి నిలబడ్డారు. నీళ్ళు సన్నబడేదాకా అలాగే ఉన్నారు.

ఆ రాత్రికి పెదన చేరుకున్నాం. ఆదివారం పొద్దున అన్నయ్య రాగి గాబులో ఎరుపునిచ్చే మంజిష్ఠ వేళ్ళు, జాజాకు వేసి పొయ్యి రాజేశాడు. లాస్య కర్రతో గుడ్డని తిప్పుతూ ఉంది. నేను పక్కన నిలబడి చూస్తున్నాను. మొదట ఏమీ లేదు, బురదనీళ్ళలో గోధుమరంగు గుడ్డ. నీళ్ళు సలసల మరిగే వేళకి ఒక చక్రం ఎర్రబడింది, పక్కన ఇంకొకటి. కర్రతో పైకెత్తితే చక్రాల చుట్టూ గుడ్డ శుభ్రంగా, మీగడరంగులో ఉంది. ఒక్క మరకా లేదు.

అన్నయ్య ఏదో మెచ్చుకున్నాడు, మా ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారు. నాకు మాత్రం ముందు భయం వేసింది. ఇక ఈ పిల్ల ఆగదు అనుకున్నాను. మరుక్షణం ఆ ఎరుపు చూసి నాకే తెలియకుండా నవ్వు వచ్చింది. ఆ రెండూ ఒకేసారి ఒక మనిషికి రావచ్చని నాకు అప్పటిదాకా తెలియదు.

మధ్యాహ్నం పాసింజరుకి తిరుగు ప్రయాణం. వడ్లమన్నాడు దాటుతుండగా మా ఆయన నెమ్మదిగా, "సీటొస్తే?" అన్నారు.

"వస్తే పంపుదాం," అన్నాను. అనేశాక ఏడుపొచ్చింది. కొంగు అడ్డం పెట్టుకుని బాగానే ఏడ్చాను.

"అమ్మా, ఇంకా ఇంటర్వ్యూకే వెళ్ళలేదు," అంది లాస్య, నవ్వుతూ నా భుజం మీద చెయ్యి వేసి.

కాసేపటికి ఆ చెయ్యి చూసుకుని, "ఈ ఎరుపు గురువారం లోపల పోతుందా? ఏం పెట్టి రుద్దుకోవాలి?" అని అడిగింది. గోళ్ళ మొదళ్ళన్నీ రంగే.

ఇదే రైల్లో, ఇటువైపే, పెళ్ళయిన కొత్తలో మా నాన్న నన్ను గుడివాడ కాపురానికి దిగబెట్టాడు. అద్దకం బల్ల దగ్గర నల్లబడిన నా గోళ్ళు అత్తవారు చూస్తారని, జేబులో నిమ్మచెక్కలు తెచ్చి, పెదన నుంచి గుడివాడ స్టేషన్ వచ్చేదాకా ఒక్కొక్క వేలూ పట్టుకుని తనే రుద్దాడు. నాకు చదువుకోవాలనుందా అని మా నాన్న అడగలేదు. చెప్పొచ్చని నాకూ తెలియదు.

"ఏమీ పెట్టకు," అన్నాను లాస్యతో. "అలాగే వెళ్ళు. చూడనీ."