పెద్ద అంకెల మీటరు

పోయిన వారం సబ్బవరంలో నా బండి మొరాయించింది. స్టార్టరు నొక్కితే గొంతు పట్టేసినవాడిలా ఒక చప్పుడు, అంతే. తోసుకుంటూ దగ్గర్లో ఉన్న షెడ్డుకు తీసుకెళ్లాను. మెకానిక్ దాదాపు నా వయసు మనిషి. చార్జింగ్ ఎక్కడం లేదేమో చూద్దామంటూ మీటరు తీసి ముందు బ్యాటరీ చూశాడు. తర్వాత ఇంజను పక్కనుంచి వచ్చే మూడు పసుపు తీగలకు పిన్నులు ఆనించబోతూ, మీటరు మీది గుండ్రటి మీటను ఇంకో వైపుకు తిప్పాడు. ఎందుకు తిప్పారని ఊరికే అడిగాను. "బ్యాటరీ డీసీ సార్, కాయిల్ నుంచి వచ్చేది ఏసీ. తిప్పకండా సూస్తే కాయిల్ బాగున్నా సున్నాయే సూపిస్తాది" అన్నాడు. చేతిలో ఉన్న టీ గ్లాసు కింద పెట్టి అక్కడే బల్ల మీద కూర్చుండిపోయాను. ఆరేళ్ల కిందట నేనేం చేశానో నాకప్పుడు తెలిసింది.

మా అక్క భర్తకు గాజువాకలో ఒకే షట్టరున్న బండ్ల మెకానిక్ షాపు ఉండేది. స్టీలు ప్లాంటు షిఫ్టు వదిలే వేళకు అక్కడ బండ్లు వరసకట్టేవి. బావ మాట తక్కువ మనిషి, బండితో తప్ప. బండిని మాత్రం "ఏటమ్మా నీ బాధ?" అని పలకరించి గాని స్పానరు పట్టేవాడు కాదు. షుగరు ఆయన కళ్లకు పట్టింది. మొదట చిన్న అక్షరాలు పోయాయి, తర్వాత మనుషుల ముఖాలు మసకబారాయి. అయినా పని ఆగలేదు. పాత మీటరు మీటను వేలితో టకటకమని లెక్కపెట్టుకుంటూ తిప్పేవాడు. తీగ తెగిందో లేదో మీటరు కూతను బట్టి చెప్పేవాడు. కూత లేనివి అంకెలు. వాటికి మాత్రం పక్కవాళ్లను పిలవాల్సి వచ్చేది. షాపు మూసేయమని డాక్టరూ అక్కా కలిసి పోరుతుంటే ఒకటే మాట: "సేతులున్నాయి కదా. ఒక్క బండికి తప్పు సెప్పిననాడు నానే మూసేత్తాను."

నేనప్పుడే పోర్టు ఆఫీసులో రిటైరయ్యాను. పొద్దుపోక, ప్రేమ కొద్దీ, దాబాగార్డెన్స్ వెళ్లి పెద్ద పెద్ద అంకెలు కనబడే కొత్త మీటరు కొనుక్కొచ్చి ఆయన చేతిలో పెట్టాను. అంకెలు పెద్దవే గాని ఆయనకు అవీ ఆనలేదు. పైగా దాని మీట వరస వేరు. రెండు రోజులు లెక్కపెట్టి చూసి, "ఇది నా మాట ఇనట్లేదు బావా, నువ్వే తిప్పు" అని నాకిచ్చేశాడు. పాతదే వాడుకో అని నేను అనలేదు. నా కానుక కదా! ఆ రోజు నుంచి సాయంత్రాలు నేను ఆయన కళ్లు. మా ఆవిడతో చాలా గొప్పగా చెప్పుకునేవాణ్ని కూడా.

ఒక సాయంత్రం అచ్యుతాపురం కంపెనీలో పనిచేసే ఒకాయన బండి వచ్చింది. బ్యాటరీ నిలవడం లేదు. బావ యాక్సిలరేటరు పెంచాడు, నేను బ్యాటరీ అంకెలు చదివాను. పన్నెండు దగ్గరే ఉంది, పద్నాలుగుకు ఎక్కాలట. పసుపు తీగలకూ ఇంజను బాడీకీ పిన్నులు పెట్టి విన్నాడు. కూత రాలేదు, అంటే కాయిల్ బాడీకి అంటుకోలేదని, మంచిదేనని అన్నాడు. "ఇప్పుడు ఏసీ ఓల్టుల్లో పెట్టు" అన్నాడు. మీటరు మీద వి అక్షరాలు రెండున్నాయి, ఒకదానిపైన అల గుర్తు, ఇంకోదానిపైన గీత. మీటను రోజూ బ్యాటరీకి పెట్టే వి మీదికే తిప్పాను. తెలియదని చెప్పడానికి నామోషీ. ముప్ఫై ఏళ్లు అర్థం కాని కాగితాల మీద కూడా 'చూశాను' అని సంతకం పెట్టిన చేయి నాది. "పెట్టాను" అన్నాను.

ఇంజను హోరుమంది. సున్నా అని చదివాను. "సరిగ్గా సూడు బావా." సున్నా. పిన్నులు మార్చి పెట్టాడు. సున్నాయే. నుదురు రుద్దుకుని, కాయిల్ పోయిందన్నాడు. ఆయిలు దించి, కవరు విప్పి, తడుముకుంటూ కొత్త కాయిల్ బిగించాడు. చార్జింగ్ మాత్రం రాలేదు. మళ్లీ చూసే వ్యవధి ఆ బండాయనకు లేదు, షిఫ్టు టైమైపోతోందని, విప్పిన పాత కాయిల్ సంచిలో వేసుకుని, ఎలాగో స్టార్టు చేసుకుని వెళ్లిపోయాడు.

రెండు రోజుల తర్వాత ఆయనే వచ్చాడు. వేరే షాపులో, కాయిల్ ఏసీని బ్యాటరీకి డీసీగా మార్చే రెక్టిఫైయరు మార్చి, పాత కాయిలే మళ్లీ బిగించారట, ఇప్పుడు బాగుందట. కొత్త కాయిల్‌ను కవర్లో పెట్టి మర్యాదగా తిరిగిచ్చాడు. తిట్టినా బాగుండేది. ఆయన వెళ్లాక బావ నన్నడిగాడు: "సున్నా అనే కదా సెప్పినావు?" అవునన్నాను. "అయితే పిన్ను తీగకి తగిలుండదు. సేతులు కూడా పోనాయి బావా." ఆ శనివారం షట్టరు దించేశాడు. నేనే దగ్గరుండి ఓదార్చాను. ఎంత వెర్రివాణ్ని!

సబ్బవరం నుంచి తిన్నగా బావ ఇంటికే వెళ్లాను. ఇప్పుడాయనకు వెలుగూ చీకటీ తప్ప తెలియవు. తప్పు నాదేనని, ఆయన చేతులకు ఏమీ కాలేదని చెబితే కొంచెమైనా తేలికపడతాడనుకున్నాను. అంతా విన్నాడు. తిట్టలేదు. అరచేతులు రెండూ ఒకదాంతో ఒకటి మెల్లగా రుద్దుకున్నాడు.

"అప్పటికింకా రెండేళ్ల సూపుంది బావా నాకు," అన్నాడు. "స్పానరు నెంబరు ఆనకపోయినా, నట్టు ఎక్కడుందో ఆనేది. ఆ రెండేళ్లూ ఈ గోడ సూత్తా కూకున్నాను."

లోపల పని చేసుకుంటున్న అక్క ఇవతలికి వచ్చి నా వైపు చూసింది. మళ్లీ లోపలికి వెళ్లిపోయింది.

వయసు మీదపడ్డవాణ్ని, పోయిన కాలం గురించి ఎందరో బాధపడగా విన్నాను, నేనూ పడ్డాను. కానీ ఇంకొకరి కాలం నా నోటి మాటతో పోయిందని తెలిశాక, ఎవరికీ తిరిగి ఇవ్వలేని ఆ రెండేళ్లను నేనెక్కడ పెట్టుకోను?