రెండో తెర వెలగని అరగంట

పక్కింటి మామ పోయిన సంగతి వాళ్ల కోడలు మా కిటికీ దగ్గరికొచ్చి చెప్పింది. "తెల్లారేసరికి నిద్రలోనే పోయినాడక్కా. మధ్యాన్నం జొహర్ నమాజుకు తీసుకుపోతారంట." అప్పుడు నేను షిఫ్టులో ఉన్నాను. కుర్చీలోంచి లేవకుండానే ఏడ్చాను. ఏడుస్తూనే టైపు చేశాను. అంత సిగ్గుమాలిన పని నా జన్మలో చేసి ఎరగను.

మాది వాకాడు దగ్గర. నాది ఇంటి నుంచి చేసే ఉద్యోగం. ఒక తెర మీద ఆస్పత్రి కాగితాలు వస్తుంటాయి, వాటిని చూసి రెండో తెరలో ఎక్కించాలి. పది నిమిషాలు చేతులాగితే సూపర్‌వైజర్ మెసేజ్ పెడతాడు. ఇంటిల్లిపాదికీ ఆ జీతమే ఆధారం. ఆ మూలగది, ఆ కుర్చీ, అంతే నా లోకం. సముద్రం కూతవేటు దూరంలో ఉన్నా, చూసి ఏడాదైంది.

మామ నాయుడుపేటలో చాలా ఏళ్లు రేడియోలు, టీవీలు బాగు చేశాడు. చూపు తగ్గాక కొట్టు మూసేశాడు. ఆయనకు మిగిలిన గిరాకీ నా రెండో తెర ఒక్కటే. అది ఆరిపోతే ముందు తెర అంచున చిన్న లైటు వెలుగుతోందో లేదో చూసేవాడు. తర్వాత కేబులు రెండు కొసలూ అదిమి, తెర కింది బొత్తాం నొక్కేవాడు. ఉప్పుగాలికి కేబులు పిన్నులు పచ్చబడితే పాత బ్రష్‌తో స్పిరిట్ పెట్టి తుడిచేవాడు. ఒకసారి మౌసు బాణం అంచు దాటి రెండో తెర మీదికి పోనని మొరాయించింది. చూసి నవ్వాడు.

"తెర కుడిపక్కన పెట్టుకోని, కంప్యూటరుకేమో ఎడమపక్కన ఉండాదని చెప్పినావు. అదేం చేస్తాది పాపం, గోడ దూకుద్దా?"

పని మొదలుపెట్టే ముందు నన్ను తరిమేసేవాడు. "లెయ్యమ్మా, బయటికి పో. నువ్వు పక్కనుంటే నాకు చెయ్యాడదు." ఆ కాసేపట్లో కూర్చుని అన్నం తినేదాన్ని, తల దువ్వుకునేదాన్ని. ఏ రిపేరైనా ఆయనకు అరగంట పట్టేది. ముసలాయనకు చెయ్యి నెమ్మదించిందని లోపల విసుక్కునేదాన్ని కూడా.

ఒకరోజు నీళ్ల చెంబు కోసం గదిలోకి వెళ్తే తెర చక్కగా వెలుగుతోంది. మామ కాళ్లు చాపుకుని నా ఫోన్లో సూపర్‌వైజర్‌తో మాట్లాడుతున్నాడు. "కేబులు లోపల తేడా ఉండాది సార్. అరగంట పడద్ది."

"ఐదు పూటలా నమాజు చేసేవాడివి, ఇదేంది మామా?" అన్నాను.

"ఆ అబద్ధం సంగతి పైన నేను మాట్లాడుకుంటాలే. నువ్వు పోయి అన్నం తిను."

నాకు అన్నం తినే వేళ ఒకటి ఉందని ఈ ఉద్యోగంలో గుర్తుపెట్టుకున్నది ఆయనొక్కడే. ఆ రుణం చిన్నది కాదు.

మామ పోయిన రోజు నేను ఒక గంట సెలవడిగాను. "బంధువా?" అని సూపర్‌వైజర్ అడిగాడు. పక్కింటాయన అని నిజమే రాశాను. "షిఫ్టు అయ్యాక వెళ్లండి" అని జవాబు వచ్చింది. అప్పటికి మామ మట్టిలో ఉంటాడు. వీధిలో మనుషుల అలికిడి మొదలైంది. రెండు తెరలూ ఏ లోపమూ లేకుండా వెలుగుతున్నాయి. ఉద్యోగం పోతుందేమోనని నిజంగానే భయమేసింది. వంగి, రెండు స్క్రూలూ విప్పి, కేబులు ఊడదీశాను. రెండో తెర రావడం లేదని మెసేజ్ పెట్టి చెప్పులు లేకుండా పరిగెత్తాను.

వాళ్ల వరండాలో ఆడవాళ్ల మధ్య నిలబడ్డాను. మామ భార్య నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. మగవాళ్ల భుజాల మీదికి జనాజా లేచింది. ఇంతలో ఫోన్లో మెసేజ్ వచ్చింది: "మెకానిక్ వచ్చాడా?"

ఎదురుగా ఆయన్ని ఒక భుజం మీంచి ఇంకో భుజానికి మార్చుకుంటూ వీధి మలుపు తిరుగుతున్నారు.