నాయనమ్మ నెయ్యి బిస్కెట్లు

మొన్న ఆదివారం మా కోడలు ఫోన్లో చెప్పి ఒక అట్టపెట్టె తెప్పించింది. చిల్కానగర్‌లో ఎవరో ఆవిడ ఇంట్లోనే కుకీలు చేసి అమ్ముతుందట. పెట్టెకు రిబ్బను, రిబ్బనుకు ఎండిపోయిన పువ్వు. "ఒక్కటి తినుర్రి అత్తమ్మా, చేత్తోని చేసినయి" అంది. "మిగిలినోళ్ళు కాళ్ళతోని చేస్తున్నరా?" అన్నాను. గోధుమపిండి కాదట, ఓట్సట. గుర్రాల దాణాకు కూడా రిబ్బను కట్టి అమ్మితే మావాళ్ళు కొంటారు. కొరికితే సగం నోట్లోకి, సగం చీర మీదికి రాలింది. మూత మీద ఏదో రాసి ఉంటే కూడబలుక్కుని చదివాను. మూడో తరగతి చదువు అంతమాత్రానికి పనికొస్తుంది. 'నాయనమ్మ చేతి రుచి' అట. ఆ రాసినావిడకు నాయనమ్మల సంగతి ఏం తెలుసో! మా నాయనమ్మ సంగతి నాకు తెలుసు.

ఆమె, మా తాత నాచారంలో ఉండేవాళ్ళు. తాత ఫ్యాక్టరీలో ఫిట్టరు. ఎండాకాలం సెలవులకు నన్ను వాళ్ళ దగ్గర వదిలేవాళ్ళు. ఆ రోజుల్లో ఇంట్లో బిస్కెట్లంటే ఇంట్లో కాల్చడం కాదు. పిండి, చక్కెర, నెయ్యి పొద్దున్నే పట్టుకెళ్ళి వీధి చివర బట్టీలో ఇస్తే, బట్టీ సాయిబు వాటిని కలిపి, ఒత్తి, కాల్చి, సాయంత్రానికి మన డబ్బా మనకు నింపి ఇచ్చేవాడు. ఒకరి పిండి ఇంకొకరి పిండిలో కలవకుండా ఒక్కొక్కరిది ఒక్కో రేకు మీద పెట్టేవాడు. ఆడవాళ్ళు అంత నమ్మకంగా నెయ్యి వదిలి వచ్చింది ఆయన మొహం చూసే.

మా నాయనమ్మకు గొప్ప ఎక్కువ. "మేం నెయ్యి తప్ప ఇంకోటి ముట్టం" అని వాడకట్టంతా చెప్పుకునేది. ఆ ఏడు మాత్రం నెయ్యి డబ్బాలో సగానికి పల్లినూనె పోసి కలిపింది. నేను పక్కనే డబ్బా పట్టుకుని కూర్చున్నాను. "నోరు మెదిపినవంటే నీకు ఒక్క బిస్కెట్ గూడ ఇయ్య" అంది. పొదుపు నాకూ తెలుసు. సబ్బు అరిగి బిళ్ళయితే కొత్త సబ్బుకు అతికించే మనిషిని నేను. కానీ నూనె పోసి నూనె అని చెప్పడం పొదుపు. నూనె పోసి నెయ్యి అని చెప్పడానికి వేరే పేరుంది.

సాయంత్రం బిస్కెట్లు గట్టిగా, పల్లి వాసనతో వచ్చాయి. అప్పటికే పక్కింటి వాళ్ళు రుచి చూడటానికి వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. ఇక మా నాయనమ్మకు దారి లేదు. అందరినీ వెంటేసుకుని బట్టీకి నడిచింది.

"ఏమయ్యా సాయిబూ, నా నెయ్యి నువ్వు తీస్కొని నూనె పోసినవా?"

ఆయన చేతికున్న పిండి దులుపుకున్నాడు. "నువ్విచ్చిన డబ్బలనే వాసనున్నదమ్మా. నలుగురిల అడుగుడెందుకని ఊకున్న. నీ నెయ్యి నాకు హరామ్."

"అంటే నేను అబద్ధమాడుతున్ననా?"

ఆయన నా వైపు చూశాడు. నేను నా చేతిలోని బిస్కెట్ వైపు చూశాను.

రాత్రి తాత ఒక ముక్క కొరికి, నమిలి, నాయనమ్మ మొహం చూసి, "జర ఊకోరాదే" అన్నాడు. అంతే. ఫ్యాక్టరీలో ఇనుము వంచే మనిషి, ఇంట్లో మాట వంచలేకపోయాడు. మంచివాడని ఇప్పటికీ అంటారు. మంచితనమో, పిరికితనమో, నేను మాత్రం పెద్ద తేడా చూడలేదు.

మర్నాటి నుంచి సాయిబు కొత్త పద్ధతి పెట్టాడు. నెయ్యి తాను ముట్టడు; ఎవరి పిండి వాళ్ళే వచ్చి అందరి ముందూ కలుపుకోవాలి. మా నాయనమ్మ కూడా బట్టీ ముందు కూర్చుంది. అంతమంది చూస్తుంటే నూనె ఎలా పోస్తుంది? అసలు నెయ్యే పోసింది. ఈసారి బిస్కెట్లు నోట్లో వేసుకుంటే కరిగిపోయాయి. "సూసిన్రా? నా చేతుల కలిపితే ఎట్లొచ్చినయో! ఇగ దొంగెవరో మీరే చెప్పున్రి" అంది.

అందరూ నమ్మారు. నమ్మడానికి తీయటి సాక్ష్యం చేతిలో పెట్టింది కదా! ఒక్కొక్కరే బట్టీకి రావడం మానేశారు. సెలవులు అయ్యేలోపే ఆయన రేకులు, పెళ్ళాం పిల్లలను బండెక్కించుకుని నాగారం వైపు వెళ్ళిపోయాడు. బండి మా గుమ్మం ముందు నుంచే పోయింది. నాయనమ్మ ముగ్గు వేస్తూ తల ఎత్తలేదు. తాత లోపలికి వెళ్ళాడు. నేను గుమ్మంలో ఉన్నాను, నోరు ఖాళీగానే ఉంది, అయినా తెరవలేదు.

నాయనమ్మ లేదు, తాత లేడు, ఆ సాయిబు కూడా ఉండి ఉండడు. నిజం చెప్పడానికి నాకు అరవై ఏళ్ళు దొరికాయి. ఆ నిజంతో ఆయనకు పనిపడే కాలం మాత్రం ఆ బండి సందు మలుపు తిరిగేంతసేపే ఉంది.